నది ఒడ్డు అడవి, చిత్తడి నేలల్లో గ్రావెల్ (కంకరదారి) సైకిల్ రైడ్: 38 మి.మీ. టైర్లు సరిపోతాయా, వరద తగ్గాక ఎన్నాళ్లు ఆగాలి?

కంకరదారి:

హాయ్ ఫ్రెండ్స్, ఒక రూట్ గురించి సలహా కావాలి. నది వెంబడి ఉన్న నేచర్ రిజర్వ్‌లో దాదాపు 60 కి.మీ. లూప్ ఒకటి మ్యాప్‌లో గీసుకున్నా. మొదట కరకట్ట మీద కంకర, తర్వాత కట్ట దిగి ఒడ్డు అడవిలో చెట్ల మధ్య మట్టిబాట, అక్కణ్ణుంచి చిత్తడి మీదుగా చెక్కబాట, మళ్లీ కరకట్ట ఎక్కి వెనక్కి రావడం. ఎక్కుళ్లు దాదాపు లేవు కాబట్టి ఈజీగా అయిపోద్ది అనుకున్నా, కానీ అటు వెళ్లొచ్చిన ఒకాయన "కొండలు లేవని సంబరపడకు, ఆ బురద కొండకన్నా ఎక్కువ కాళ్లు లాగుద్ది" అన్నాడు, అప్పట్నుంచీ డౌటు మొదలైంది.

నా సెటప్: 700×38 టైర్లు (700 చక్రం సైజు, 38 టైరు వెడల్పు మి.మీ.లో), మధ్యలో నున్నగా ఉండి పక్కల చిన్న గుబ్బలు ఉండే రకం, లోపల ట్యూబులే. ఫుల్ మడ్‌గార్డులు ఉన్నాయి. నా బరువు 72 కేజీలు, బ్యాగులు ఇంకో 4. ఇప్పటిదాకా రోడ్లమీదే ఎక్కువ కాబట్టి గాలి 60 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) కొట్టుకుని తిరుగుతున్నా.

టైర్లు మార్చాలా ఇవే చాలా? 650బీ చక్రాలు (కాస్త చిన్నవి, వెడల్పు టైర్లు వేసుకునేవి) వేసుకోమని ఒక ఫ్రెండు పోరు పెడుతున్నాడు, అంత అవసరమా? నది పొంగి తగ్గాక ఎన్ని రోజులకి దారి గట్టిపడుద్ది? నీళ్లు నిలిచిన చోట మధ్యలోంచి పోవాలా పక్కనుంచా? ఇంకోటి, గేటు దగ్గర రామ్‌సర్ సైట్ అని బోర్డుందంట, అంటే సైకిళ్లకి ఎంట్రీ లేనట్టేనా?

పాత_చైన్:

బ్రో, ముందు ఆ 60 పీఎస్ఐ సంగతి చూడు, మిగతావన్నీ తర్వాత. 38 టైరులో అంత గాలి పెడితే గట్టి కంకర మీదే దడదడలాడుద్ది, ఇక తడిసిన చెట్ల వేళ్ల మీద అయితే టైరు నేలని పట్టుకోకుండా ఎగిరి పక్కకి పోద్ది. నీ బరువుకి ట్యూబులతో ముందు 40, వెనక 43 దగ్గర మొదలుపెట్టు. ట్యూబు కాబట్టి అంతకన్నా మరీ దించకు, వేరు అంచుకో రాయికో కొట్టుకుని రిమ్ముకీ టైరుకీ మధ్య ట్యూబు నలిగి పాముకాటులా రెండు చిల్లులు పడతాయి. ట్యూబ్‌లెస్ చేయించుకుంటే ముందు 32, వెనక 35 దాకా దించొచ్చు, నేల మెత్తగా ఉంటే ఇంకో రెండు తగ్గించినా ఏం కాదు. పంపు మీద మీటర్లు ఒక్కోటి ఒక్కోలా చూపిస్తాయి కాబట్టి ఎప్పుడూ ఒకే పంపుతో కొట్టుకుని, అది చూపించే నంబరునే నీ లెక్కగా పెట్టుకో.

టైర్లు మార్చక్కర్లేదు అనే నా అభిప్రాయం, దారి ఎండి ఉంటే. ఎండకపోతే ఏ టైరు వేసినా పెద్ద తేడా ఉండదు, నమ్ము. ఒండ్రు మట్టి తడిస్తే గుబ్బల మధ్య సందులు ఓ వంద మీటర్లలోనే పూడిపోతాయి, ఆ తర్వాత గుబ్బల టైరూ నున్న టైరూ రెండూ ఒకటే.

నీ అసలు ప్రాబ్లం మడ్‌గార్డులు. కరకట్ట మీద బంగారంలా పనికొస్తాయి, కానీ అడవిలో బంకమన్ను దగ్గరకొచ్చేసరికి అవే బ్రేకులైపోతాయి. జరిగేది ఎట్లా అంటే, ముందు టైరుకి పల్చగా ఒక పొర అంటుకుంటది, దానికి ఆకులు అతుక్కుంటాయి, ఆ ఆకులతో కూడిన ముద్ద వెళ్లి వెనక చైన్‌స్టేల (వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే ఫ్రేము గొట్టాలు) దగ్గర, మడ్‌గార్డు లోపలి అంచు దగ్గర గడ్డకడతది. మొదట గీరుతున్న సౌండ్ వస్తది, తర్వాత పెడల్ బరువెక్కుద్ది, ఇంకో నాలుగు చుట్లు తొక్కితే చక్రం ఆగిపోద్ది. ఆ గీరే సౌండ్ విన్నప్పుడే దిగి పుల్లతో తీసెయ్యాలి, బలం పెట్టి తొక్కితే మాత్రం ఆ ముద్దలో ఉన్న కొమ్మముక్క గేర్లు మార్చే డెరేలియర్‌లోకి పోయి, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ ఠక్కున విరుగుద్ది. నీ ఫ్రేముకి సరిపోయే హ్యాంగర్ ఒకటి స్పేర్‌గా బ్యాగులో వేసుకో, అది ఫ్రేము ఫ్రేముకీ మారుద్ది, దారిలో ఎవర్నడిగినా దొరకదు. టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య నీ చిటికెనవేలు ఫ్రీగా తిరిగేంత సందు లేకపోతే ఆ రోజుకి మడ్‌గార్డులు తీసేసి పో, వీపు మీద బురద చారలు పడితే పడనీ.

బురదరాజా:

పాత_చైన్ అన్నకి రెస్పెక్ట్ ఉంది కానీ 38 చాలు అనడం కరెక్ట్ కాదు. 650బీ×47 వేసుకుంటే ఇసుక మీద తేలుద్ది, మెత్తటి నేలలో దిగబడదు, ప్రెషర్ ఇంకా తగ్గించొచ్చు. నేను 47కి మారాక నది ఒడ్డు ఇసుకలో దిగి నడవాల్సిన పని చాలా తగ్గిపోయింది. ఫ్రెండు చెప్పింది కరెక్టే, వేసెయ్ బ్రో.

పాత_చైన్:

రాజా, ఇసుక విషయంలో నువ్వన్నది నిజమే, ఒప్పుకుంటా. కానీ లెక్క మొత్తం చూడు. 700 రిమ్ము వ్యాసం 622 మి.మీ., దానికి 38 టైరు రెండు వైపులా కలిపితే 698. 650బీ రిమ్ము 584, దానికి 47 టైరు కలిపితే 678. అంటే చక్రం వ్యాసం 20 తగ్గింది, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు తిరిగే చోటు), పెడళ్లు 10 మి.మీ. కిందికొచ్చినట్టు. కంకర మీద తెలీదు, కానీ ఈయన పోయేది ఒడ్డు అడవిలోకి, అక్కడ పాప్లర్, విల్లో చెట్ల వేళ్లన్నీ పైపైనే పాకి ఉంటాయి. ఆ సెంటీమీటరు తేడాకే పెడల్ వేరుకి తగిలే ఛాన్సు బాగా పెరుగుద్ది. పైగా టైరు వెడల్పయ్యే కొద్దీ ఫ్రేములో సందు తగ్గుద్ది, బురదకి కావాల్సింది ఆ సందే. ఒక్క రూట్ కోసం కొత్త చక్రాలు కొనమని నేనైతే చెప్పను.

బురదరాజా:

సరే సరే, వేళ్ల దగ్గర తొక్కడం ఆపి పెడల్స్ లెవెల్‌గా పెట్టుకుంటే సరిపోద్ది కదా 😀 కానీ ఆ సందు పాయింటు కరెక్టే, నా ఫ్రేములో 50 దాకా పడుతుంది, ఆయనది ఎంతో కనుక్కోవాలి.

గట్టుమీద:

ఎన్ని రోజులు ఆగాలి అని అడిగారు కదా, దీనికి ఒక నంబరు చెప్పే వాళ్లని నమ్మకండి. నది నీటిమట్టం తగ్గింది కదా అని వెళ్లి ఇరుక్కునే వాళ్లే ఎక్కువ. నది తగ్గడం వేరు, అడవి ఆరడం వేరు.

ఎందుకో చెప్తాను, ఇది తెలిస్తే దారి చూడగానే సగం అర్థమైపోతుంది. నది పొంగి గట్టు దాటినప్పుడు వేగం ఒక్కసారిగా పడిపోతుంది, దాంతో బరువైన ఇసుక ముందు ఒడ్డు పక్కనే దిగిపోతుంది, సన్నటి ఒండ్రు ఇంకాస్త లోపలికి పోతుంది, అన్నిటికన్నా సన్నటి బంకమట్టి, అంటే 0.002 మి.మీ. కన్నా చిన్న రేణువులు, నదికి దూరంగా ఉండే పల్లంలో నీళ్లు కదలకుండా నిలిచాక నెమ్మదిగా పేరుకుంటుంది. ఇట్లా ఏళ్ల తరబడి జరిగి నది అంచు కాస్త ఎత్తుగా, ఇసుకగా తయారవుతుంది, దాని వెనక నేల పల్లంగా, బంకగా ఉంటుంది. వరద తీశాక ఆ పల్లంలో నీళ్లకి తిరిగి నదిలోకి పోయే దారి ఉండదు, ఇంకిపోవాలి లేదా ఆవిరవ్వాలి, బంకమట్టిలోంచి ఇంకడం అంటే తెలుసుగా ఎంత నిదానమో. చెట్ల నీడ వల్ల ఎండా తగలదు. అందుకే చాలామంది అనుకునేదానికి రివర్సు: నదికి ఆనుకుని ఉన్న బాట ముందు ఆరుతుంది, నదికి దూరంగా పోయే బాట వారాల తరబడి తడిగా ఉంటుంది. మీ మ్యాప్‌లో రెండు ఆప్షన్లుంటే, రెండూ సైకిళ్లకి అనుమతి ఉన్నవే అయితే, నది పక్కది ఎంచుకోండి. ఇసుక కాస్త తగులుతుంది, భరించొచ్చు.

చెట్లు కూడా చెప్తాయి. విల్లోలు, పాప్లర్లు గుంపుగా కనపడితే అది తరచుగా మునిగే నేల. ఓక్ లాంటి గట్టి చెట్లు కనపడ్డం మొదలైతే కాస్త ఎత్తుకి వచ్చినట్టు, కంటికి ఆ ఎత్తు కనపడకపోయినా సరే, ఒక మీటరు తేడా చాలు. చెట్ల మానుల మీద బురద గీత ఒకే లెవెల్లో ఉంటుంది చూడండి, అదే ఈమధ్య నీళ్లు వచ్చిన ఎత్తు. ఆ గీత మీ మోకాలి కన్నా పైన ఉండి, ఇంకా తడిగా ముదురు రంగులో ఉందంటే ఆ రోజు కరకట్ట మీదే తిరిగేసి వచ్చెయ్యండి.

టెస్టు సింపుల్: సైకిల్ దిగి బాట మీద మడమ నొక్కండి. గుంటపడి అందులోకి నీరు ఊరితే తొక్కకూడదు, మీ సరదా కోసం కాదు, మీ చక్రం గాడి ఆ తర్వాత ఎండి గట్టిపడి సీజనంతా అట్లాగే ఉండిపోతుంది, వెనక వచ్చేవాడి ముందు చక్రం అందులో ఇరుక్కుని పడతాడు. మడమకి అచ్చు మాత్రమే పడి నీరు రాకపోతే వెళ్లొచ్చు. పైపొర ఎండి బీటలు వారినా మోసపోకండి, ఆ పెంకు కింద మెత్తగానే ఉంటుంది, మడమకి దొరికిపోతుంది.

తీతువు:

బోర్డు సంగతి నేను చెప్తాను. రామ్‌సర్ అనేది ఇరాన్‌లో ఒక ఊరు, అక్కడ 1971 ఫిబ్రవరి 2న చిత్తడి నేలల మీద అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది, అందుకే ఏటా ఆ తేదీన చిత్తడి నేలల దినోత్సవం చేస్తారు. ఆ లిస్టులో ఉన్నంత మాత్రాన మనుషులు అడుగు పెట్టకూడదని కాదండీ, ఆ ఒప్పందమే చిత్తడి నేలల్ని చెడగొట్టకుండా తెలివిగా వాడుకోమంటుంది. సైకిల్‌కి అనుమతి ఉందా లేదా అన్నది ఆ రిజర్వ్ సొంత రూల్స్ బట్టి ఉంటుంది, ఒకే రిజర్వ్‌లో ఒక బాటకి ఉండి పక్క బాటకి లేకపోవచ్చు, కొన్ని బాటలు గూళ్ల సీజన్లో మూసేస్తారు. కాబట్టి ఆ బోర్డు కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి, యాప్‌లో గీత కనపడింది కదా అని వెళ్లిపోకండి. యాప్ గీతలు మనలాంటి వాళ్లు తొక్కేసి అప్‌లోడ్ చేసినవే, పర్మిషన్ ఉందనడానికి అవి రుజువు కాదు.

నీళ్ల మడుగు మధ్యలోంచా పక్కనుంచా అంటే, మధ్యలోంచే. అందరూ చెప్పులు తడవకుండా, చైన్ తడవకుండా అని పక్కనుంచి పోతారు, వచ్చే ఏడాదికి బాట రెండింతల వెడల్పవుతుంది, అంచున ఉన్న తుంగా జమ్ము అంతా నలిగిపోతుంది, ఆ తుంగ వేళ్లే గట్టుని పట్టుకుని ఉంచేది. లోతు తెలీకపోతే దిగి కర్రతో చూసి తోసుకుంటూ వెళ్లండి. చక్రం మధ్యలో ఉండే హబ్ దాకా మునిగేట్టుంటే వెనక్కి తిరగండి, అది మడుగు కాదు, కుంట.

నేల మీద గూళ్లు పెట్టే పక్షుల గురించి ఎవరూ మాట్లాడలేదు. తీతువులు, ఉల్లంకి పిట్టలు చెట్టెక్కవు, కంకరలోనే, ఇసుకలోనే చిన్న గుంట చేసి గుడ్లు పెడతాయి, గుడ్ల మీద మచ్చలు అచ్చం రాళ్లలా ఉంటాయి, మీ టైరు కింద పడేదాకా మీకు కనపడవు. బాట దాటి ఇసుకతిన్నె మీదికి "ఒక ఫోటో కోసం" వెళ్లేవాళ్లకి నేను చెప్పేది ఇదే. ఒక పిట్ట మీ ముందు రెక్క విరిగినట్టు ఈడ్చుకుంటూ పోతుంటే దాని వెనక వెళ్లకండి, పాపం దెబ్బ తగిలింది అనుకోకండి, గూడు దగ్గర్లో ఉందని అర్థం, మిమ్మల్ని పక్కకి లాక్కెళ్లడానికి వేసే వేషం అది. మీరు వచ్చిన బాట మీదే ఆగకుండా ముందుకి వెళ్లిపోతే రెక్కలు బానే పనిచేస్తాయి 🙂

కొంగలూ బాతులూ అయితే సైకిల్ కదులుతున్నంతసేపు పెద్దగా పట్టించుకోవు, ఆగి కాలు కింద పెట్టగానే లేచిపోతాయి. చూడాలనుంటే చెట్ల చాటున్న చోట, లేదా దానికోసమే కట్టిన గుడిసె ఉంటే అక్కడ ఆగండి. స్పీకర్లో పాటలు మాత్రం వద్దండీ బాబూ.

నీలి_హెల్మెట్:

చెక్కబాట గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి: ముందు అక్కడ తొక్కనిస్తారో లేదో చూడు బ్రో, చాలాచోట్ల దిగి నడవాలనే రాసుంటది. తొక్కనిస్తే కూడా తడి చెక్క మీద నాచు పట్టి ఉంటది, అది ఐస్ కన్నా తక్కువేం కాదు. ఎక్కేటప్పుడే చక్రం నిటారుగా ఎక్కాలి, ఏటవాలుగా ఎక్కితే మొదటి పలక అంచుకే జారుద్ది. ఎక్కాక హ్యాండిల్ తిప్పకు, ముందు బ్రేక్ ముట్టుకోకు, ఒకే స్పీడులో మెల్లగా తొక్కుతా దూరం చూస్తా పో. పలకలు అడ్డంగా ఉంటే పర్లేదు, పొడవుగా పరిచినవైతే మధ్య సందులో 38 టైరు దిగబడే చాన్సుంది, అక్కడ నేనైతే నడుస్తా. ఎదురుగా మనుషులొస్తే మనమే దిగి పక్కకి ఆగాలి, దీంట్లో డిస్కషనే లేదు.

ఇంకో రెండు. బాటిల్ మూతి మీద కవర్ ఉండేది తీసుకెళ్లు. ముందు చక్రం చిమ్మే బురద అంతా సరిగ్గా బాటిల్ మూతి మీదే పడుద్ది, వరద నీళ్లలో జంతువుల మూత్రం కలిసి ఉంటది, లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వచ్చేది దాన్నుంచే, చర్మం మీద గాయాలున్నా లోపలికి పోద్ది. గీరుకుపోయిన చోట మంచినీళ్లతో కడిగి ప్లాస్టర్ వేసెయ్. రెండోది, గడ్డి బాగా ఎత్తున్న చోట పిడుదులు ఉంటాయి, ఇంటికెళ్లాక మోకాళ్ల వెనక, నడుం దగ్గర, చంకల్లో చూసుకో. కరుచుకుని ఉంటే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా నిటారుగా లాగు, మెలిపెట్టకు, నూనెలు పూయకు, కాల్చకు. తర్వాత కొన్ని వారాల్లోపు ఆ చోట ఎర్రగా వలయంలా పాకితేనో జ్వరమొస్తేనో డాక్టర్‌కి చూపించు.

కంకరదారి:

అబ్బా, ఇంత డీటెయిల్డ్‌గా చెప్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. ప్రెషర్ నిన్నే 42కి దించి మట్టిరోడ్డు మీద చూశా, వేరే సైకిల్ తొక్కినట్టుంది. మడ్‌గార్డు సందులో చిటికెనవేలు అస్సలు దూరట్లేదు కాబట్టి తీసేస్తున్నా. 650బీ ఆలోచన పక్కన పెట్టేశా. గట్టుమీద గారూ, మీరు చెప్పాక మ్యాప్ మళ్లీ చూస్తే నిజంగానే నది పక్కన ఒక బాట, లోపల పల్లంలో ఒక బాట ఉన్నాయి, నేను గీసింది లోపలిది, మార్చేశా. రిజర్వ్ వాళ్లకి ఫోన్ చేశా, నది పక్క బాటకి సైకిల్ ఓకే అంట, చెక్కబాట మీద మాత్రం తోసుకుంటూ వెళ్లాలంట.

చివరిగా ఒకటి: వచ్చాక క్లీనింగ్ ఎలా? మా పక్కింటాయన దగ్గర ప్రెషర్ వాషర్ ఉంది, దాంతో కొట్టేస్తే అయిపోద్దా?

పాత_చైన్:

వద్దు బ్రో, ప్రెషర్ వాషర్ బైక్ దగ్గరికే తేవద్దు. ఆ ఫోర్సుకి నీళ్లు సీళ్లు దాటి హబ్ బేరింగుల్లోకి, బాటమ్ బ్రాకెట్‌లోకి, హ్యాండిల్ తిరిగే చోటుండే హెడ్‌సెట్‌లోకి పోయి గ్రీజుని తోసేస్తాయి, కొన్నాళ్లకి గరగరమంటది. మామూలు గొట్టంతో మెల్లగా, పైనుంచి కిందికి పొయ్యి. బురద తడిగా ఉన్నప్పుడే పొయ్యాలి, ఎండితే ఇసుక రేణువులు పెయింటుని గీస్తాయి. చైన్‌ని విడిగా బ్రష్షుతో తోమి, గుడ్డతో పూర్తిగా తుడిచి, ఆరాక ఒక్కో లింకుకి ఒక్కో చుక్క నూనె వేసి, పైన మిగిలింది మళ్లీ తుడిచెయ్. తడిమీదే నూనె పోస్తే ఆ ఒండ్రుతో కలిసి అరగదీసే పేస్టు తయారవుద్ది. చైన్ ఎంత సాగిందో కొలిచే చెకర్ ఉంటే చూసుకో, వెనక 11, 12 గేర్లుండే స్పీడు అయితే 0.5 శాతం సాగగానే మార్చెయ్, లేదంటే క్యాసెట్ (వెనక పళ్లచక్రాల సెట్టు) కూడా పోద్ది.

బ్రేక్ ప్యాడ్లు తీసి చూడు తప్పనిసరిగా. ఆర్గానిక్ (రెసిన్) ప్యాడ్లు తడి ఇసుకలో ఎంత త్వరగా అరుగుతాయో చూస్తే షాకవుతావ్, ఇట్లాంటి రూట్లు ఎక్కువ తొక్కేట్టయితే సింటర్డ్ (లోహపు పొడితో చేసినవి) వేసుకో, కాస్త సౌండ్ వస్తది కానీ ఎక్కువ కాలం ఆగుతాయి.

తీతువు:

ఒక్క మాట కలుపుతాను. ఆ కడగడం ఏదో రిజర్వ్ నుంచి బయటికి వచ్చే చోటే టైర్లకీ బూట్లకీ ఒకసారి చేసెయ్యండి, కనీసం బ్రష్షుతో గీకేసినా చాలు. గుబ్బల మధ్య బురదలో కలుపు మొక్కల విత్తనాలు ఉంటాయి, ఆ బురదతోనే వచ్చే వారం ఇంకో నదికి వెళ్తే అక్కడ మొలుస్తాయి. అలాగే లోపలికి వెళ్లేముందు కూడా, పోయినసారి బురద టైర్లకి ఉంటే గీకేసి వెళ్లండి.

బురదరాజా:

రైడ్ అయ్యాక ఫోటోలు పెట్టు బ్రో. ఇసుకలో దిగబడితే మాత్రం 47 అని ఒకడు చెప్పాడని గుర్తు చేసుకో 😂